రాజోల్లో తెరుచుకోని కబురు

మన కంపెనీ కంప్యూటర్లన్నీ చూసుకునే సిస్టమ్స్ మేడమ్ గారు పోయిన కబురు రాజోలు, కొత్తపేట బ్రాంచీలకి అందకుండా చేసింది అమలాపురం ఆఫీసే. కబురు కంపెనీ సైట్లో పెట్టేరు. ఆవిడ మంచాన పడ్డాక, "ఒక సైటుకి రెండు అడ్రసులెందుకు" అని బ్రాంచీల అడ్రసు తీసేసిందీ అమలాపురం వాళ్ళు మీరే. రాజోల్లో మాకెలా తెరుచుకుంటుంది? కబురు పెట్టిన మర్నాడు కొబ్బరి పీచు లోడుకొచ్చిన డ్రైవరు అడిగేడు:

"మేడమ్ గారి భూస్థాపన నిన్నే అయిపోయిందండి. మీ బ్రాంచీల వాళ్ళు ఒక్కరూ రాలేదేంటండీ?"

అందుకే ఇది కాగితం మీద రాసి మూడు ఆఫీసుల గోడలకీ అంటిస్తున్నాను.

ఆ రెండో అడ్రసు ఆవిడ పెట్టిందే. అమలాపురం ఆఫీసు లోపల సైటుకి చిన్న పేరు చాలు. బయట ఇంటర్నెట్ మీంచి వచ్చే మాకు పూర్తి అడ్రసు కావాలి. ఎవరు ఎటునుంచి వచ్చినా అవే పేజీలు కనబడాలి. ఆ ఏర్పాటు చేసేసి ఊరుకునే మనిషి కాదు. ఏది మార్చినా బస్సెక్కి రాజోలు వచ్చేవారు. చెప్పులు విడిచి, మా కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు.

"తెరుచుకుందా బాబూ?"

"ఆయ్, తెరుచుకుందండి."

"లోపలి లింకు నొక్కి అప్పుడు చెప్పు. మొదటి పేజీ చూసి మురిసిపోకు, లోపలి లింకుల్లోనే ఆ చిన్న పేరు మిగిలిపోతుంది."

ఓసారి అమలాపురంలో నా ముందే మేనేజరు గారు నవ్వేరు. "ఇక్కడ బాగానే తెరుచుకుంటోంది కదండీ, ప్రతిసారీ రాజోలు ఎందుకండీ?"

"ఇక్కడ తెరుచుకోడానికి నేనెందుకండీ, నా కుర్చీ చాలు," అన్నారావిడ, బ్యాగు తగిలించుకుంటూ.

నాకు డిగ్రీ లేదు. పాత కంప్యూటర్లు విప్పి, బిగించి నేర్చుకున్నవాణ్ణి. "ఎక్కడ చదివేవని అడగను. పాడుచేస్తే ఎలా పాడుచేసేవో మాత్రం చెప్పు," అని ఆవిడ తన పాస్‌వర్డు కొట్టి, కీబోర్డు నా వైపు జరిపేరు. అంత నమ్మకం ఇంకెవరూ నా మీద పెట్టలేదు. ఆవిడ మీద ఆఖరి పిడికెడు మట్టి వెయ్యడానికి నేను లేను.

సోమవారం సాయంత్రంలోగా బ్రాంచీల అడ్రసు తిరిగి పెట్టండి. పెట్టేం అని ఫోన్లో చెప్తే ఒప్పుకోం. ఎవరు తీసేరో వాళ్ళే బస్సెక్కి రాజోలు వచ్చి, లోపలి లింకు నొక్కి చూపించాలి. జవాబు కాగితం మీదే ఇవ్వండి, ఈ గోడకే అంటించండి.

కిటికీ పక్క కుర్చీలో మేమెవరమూ కూర్చోవడం లేదు. దాని ఎదురుగా తెర మీద "పేజీ దొరకలేదు" అని అలాగే ఉంది. కంప్యూటరు ఆపలేదు.