ఖాళీ సాంచ చప్పుడు

మా సిరిసిల్లలో పవర్లూమును సాంచ అంటారు. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య బతికాను. ఇప్పుడు నాకున్నది చిన్న కిరాణా దుకాణమే అయినా, నా చెవుల గురించి గొప్పలు పోవడం మాత్రం చాలాకాలం మానలేదు. వాడలో నడుస్తూనే ఏ ఇంట్లో ఎన్ని సాంచాలు ఆడుతున్నాయో, ఏది మరమ్మతుకు వచ్చిందో చెప్పేవాణ్ని. విన్నవాళ్లు ఔరా అనేవారు. ఆ మెచ్చుకోళ్లే నన్ను చెడగొట్టాయి.

మా వాడలో ఒక సహాయ సంఘం ఉంది. పెద్దదేం కాదు. ఇంటింటికీ నెలకింత వేసుకుంటాం, గల్ఫ్‌లో ఉన్న మావాళ్లు కొంత పంపుతారు. ఎవరికి ఇవ్వాలో మేమే కూర్చుని తేల్చుకుంటాం. అడిగినవాళ్ల ఇంటికి ఇద్దరు వెళ్లి చూసి రావాలి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి మిగతావాళ్లు చేతులెత్తాలి. ఒకసారి, నాలుగు సాంచాలు చక్కగా నడుస్తున్న మనిషి పని లేదని ఏడ్చి సాయం పట్టుకుపోయాడు. ఆ కోపంలో నేనే ఒక నియమం పెట్టించాను. సాంచ నడుస్తున్న ఇంటికి సాయం లేదు, ఒకసారి కాదన్నాక ఆరు నెలల దాకా మళ్లీ అడగకూడదు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

నిరుడు చలికాలంలో మా వెనుక సందులోని ఒక నేత కార్మికుడికి పక్షవాతం వచ్చింది. కుడికాలు, కుడిచేయి పడిపోయాయి. నాకంటే చిన్నవాడు. ఒకప్పుడు ఇద్దరం ఒకే కార్ఖానాలో పనిచేశాం, అతనికి సాంచ మీద చేయి తిప్పడం నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ని. జగిత్యాలలో ఒక డాక్టరు దగ్గర వారానికి రెండుసార్లు కసరత్తు చేయిస్తే చేయి తిరిగి పట్టు తెచ్చుకుంటుందని, ఆలస్యం మాత్రం చేయవద్దని ఇక్కడి ఆసుపత్రిలో చెప్పారట. కారు కిరాయికి, డాక్టరుకు సాయం చేయమని అతని భార్య సంఘానికి కాగితం రాయించి ఇచ్చింది. ఇంట్లో రెండు సాంచాలున్నాయని, రెండూ ఆగిపోయాయని అందులో ఉంది.

చూసి వచ్చే వంతు నాకూ, రిటైరైన ఒక టీచరమ్మకూ పడింది. పట్టపగలు వెళ్లాం. సందు మొదట్లోనే ఆ ఇంట్లోంచి సాంచ చప్పుడు వినబడింది. నేను అక్కడే ఆగిపోయాను. లోపలికి వెళ్లి చూద్దామని టీచరమ్మ అన్నది. అక్కర్లేదన్నాను. మంచంలో ఉన్న మనిషి ముందు అబద్ధం బయటపెట్టి పరువు తీయడం దేనికని, ఎంతో పెద్ద మనసున్నవాడిలా మాట్లాడాను. ఆమెకు సాంచాల సంగతి తెలియదు. నా మాట మీద వెనక్కి తిరిగింది.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ చప్పుడులో తేడా ఉంది. పడుగు నూలు ఎక్కి బట్ట నేస్తున్న సాంచ చప్పుడుకు ఒక బరువుంటుంది. ఇది పలుచగా, లొడలొడమని మోగింది. పాత సాంచ, బోల్టులు వదులై ఉంటాయనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పాత కోపం ఇంకా లోపల ఉంది, ఇంకొక మోసగాడు దొరికాడన్న సంబరంలో ఉన్నాను. నాలుగడుగులు వేసి తలుపు తట్టి ఉంటే సరిపోయేది.

మీటింగులో నేను చెప్పింది విని ఒక్కరూ చేయి ఎత్తలేదు. ఈసారి వీలు పడలేదని కబురు పంపాం. ఎందుకో చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో, నూలు ఇచ్చే సేటు ఒకరు మా దుకాణం ముందు నిలబడి మాట్లాడుతూ, ఆ మనిషి పడిపోయిన దగ్గర్నుంచి ఆ ఇంటికి బీము పంపలేదన్నాడు. పడుగు చుట్టి సాంచకు ఎక్కించేదే బీము. అది లేకుండా జానెడు బట్ట కూడా రాదు. దుకాణం మూసేసి వాళ్లింటికి పోయాను. తాళం వేసి ఉంది. కోరుట్లలో ఆమె తల్లిగారింటికి పోయారని పక్కింటివాళ్లు చెప్పారు.

సంఘంలో నా తప్పు ఒప్పుకున్నాను, సగమే. బీము లేదన్న సంగతి చెప్పాను, తేడా విన్న సంగతి మింగేశాను. నియమాన్ని పక్కనబెట్టి సాయం ఇవ్వడానికి అందరూ చేతులెత్తారు. టీచరమ్మ కూడా ఎత్తింది గానీ నా వైపు చూడలేదు.

ఆ కవరు పట్టుకుని జగిత్యాలలో బస్సు మారి కోరుట్ల చేరాను. ఆమె అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. మంచినీళ్లిచ్చి, సంగతులు తానే చెప్పింది. తన అన్నదమ్ములు తలా కొంత వేసుకుని జగిత్యాల తీసుకుపోయారట. మొదట్లోనే రావాల్సిందని, కాలు కాస్త కుదురుకుంటుంది గానీ చేయి మునుపటిలా రాదని డాక్టరు అన్నాడట. కవరు ఇస్తే కళ్లకద్దుకుని తీసుకుంది. విసిరికొట్టి ఉంటే నాకు కొంత హాయిగా ఉండేది.

అప్పుడెందుకు కాదన్నామో చెప్పాను. ఆమె చేతిలోని ఆకు చాటలో పెట్టింది.

"పని బందైందని ఆయనకు చెప్పలేదన్నా. చప్పుడు ఇనబడకపోతే రంధి పడ్తడని, పొద్దున కొంచెంసేపు, పగటిపూట కొంచెంసేపు ఉత్త సాంచనే నడిపిచ్చిన."

చాయ్ పెడతానని లేచి వంటింట్లోకి పోయింది. నేను లోపలి గదిలోకి వెళ్లాను. అతను మంచం మీద గోడకానుకుని ఉన్నాడు, కుడిచేయి దిండు మీద పెట్టి ఉంది. మా మాటలన్నీ అతనికి వినబడ్డాయి. నోరు ఒక పక్కకు పోయింది, ఒక్కో ముక్కా కూడదీసుకుని మాట్లాడుతున్నాడు.

"ఉత్త సాంచని నాకు మొదటి దినమే ఎర్కైందన్నా. ఎర్కైందంటే ఆమె రంధి పడ్తదని ఊకున్న." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నాకు నేర్పినోనివి నువ్వే గదనే. నీకెట్ల తెల్వకపాయె?"

నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. నా చెవుల మీద అతనికి అంత నమ్మకం. తెలిసిందిరా తమ్మీ అనడానికి నోరు తెరిచాను. ఆ దిండు మీది చేయి చూశాక ఆ మాట రాలేదు.

"ఈమధ్య నాకు చెవులు సరిగ్గ ఇనబడ్తలేవు తమ్మీ" అన్నాను.

నమ్మాడు. అయ్యో అన్నట్టు తలూపి, ఎడమచేత్తో మంచం తట్టి దగ్గరగా కూర్చోమన్నాడు. ఆ తర్వాత నేనున్నంతసేపూ, నాకు వినబడాలని, ఆ వంకర నోటితో ఆయాసపడుతూ ఒక్కో మాటా గట్టిగా, రెండేసిసార్లు చెప్పాడు.