సుగుణక్క నిలబెట్టిన రన్నర్

తిరువళ్ళూరులోని మా ఆఫీసులో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పక్కగదిలో సర్వరు ఫ్యాను గుయ్యిమని లేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు ఉలిక్కిపడి నవ్వుకుంటారు. నాకు మాత్రం నన్ను ఈ పనిలో ఒక మనిషిని చేసిన సుగుణక్క గుర్తొస్తుంది. ఆమె పోయి ఏళ్ళు గడిచినా ఆ దుఃఖం తీరలేదు, తీరుతుందన్న నమ్మకమూ నాకు లేదు.

అప్పట్లో నేను కడంబత్తూరులో రైలెక్కి తిరుత్తణిలోని ఒక చిన్న ఆఫీసుకు వెళ్ళేదాన్ని. రైసుమిల్లులకు బిల్లుల సాఫ్టువేరు రాసేవాళ్ళం. ఎవరు ఏం రాసినా దాన్ని కూర్చి, పరీక్షించి, మిల్లుకు పంపదగినట్టు తయారుచేయడాన్ని బిల్డ్ అంటాం. అది మా అందరికీ సీనియరైన సుగుణక్క ల్యాప్‌టాప్‌లోనే జరిగేది. ఆమెకు క్యాన్సరని తేలి, ఆస్పత్రిలో ఎక్కువగా ఉండిపోవడంతో మా పనులన్నీ మూలపడ్డాయి. అప్పుడామె ఒక పాత సర్వరు తెప్పించింది. బిల్డులన్నీ తనంతట తానే చేసే రన్నర్ అనే ప్రోగ్రామును అందులో పెడదామంది. నాకు ఒళ్ళు మండింది.

"నువ్వు లేకపోయినా జరగాలని ఇప్పుడే ఏర్పాట్లు చేస్తావుండావా అక్కా?" అని గట్టిగానే అడిగాను.

"అవును మే. నేను ఆడ పండుకోనుంటే మీరంతా ఈడ చేతులు ముడుచుకోని కూర్చుంటే నాకు నిద్ర వస్తాదా? రా, టైపు చేసేది నువ్వే," అంది.

తలకు గుడ్డ కట్టుకుని పక్కన కూర్చుంది తప్ప కీబోర్డు ముట్టలేదు. తొందరకొద్దీ నేను అన్ని అధికారాలున్న ఖాతాలోనే రన్నర్‌ను పెట్టబోతే ఆపేసింది. "ఇంట్లో పనికొచ్చినోళ్ళకి బీరువా తాళం ఇస్తామా? దానికి వేరే ఖాతా పెట్టు," అంది. పెట్టాను. గుర్తింపు కోసం దానికి టోకెన్ ఇచ్చి రిజిస్టరు చేశాను. రన్నర్ పనికి సిద్ధమైంది. అంతలో ఆమె వంగి సర్వరు ప్లగ్గు పీకేసి, మళ్ళీ పెట్టింది. సర్వరు లేచింది గానీ రన్నర్ లేవలేదు.

"కరెంటు పోయినప్పుడల్లా దీన్ని లేపేదానికి నేను యాడుంటానో," అంది మెల్లగా. నాకు కళ్ళు మసకబారాయి. సర్వరుతోపాటే రన్నర్ కూడా లేచేలా చేసిగానీ ఆ రోజు మేం ఇంటికి పోలేదు.

ఆ తర్వాత అక్కకు ఒకే కోరిక మిగిలింది. ఆస్పత్రి మంచం మీది నుంచి తాను పంపిన కోడ్‌ను, తన చెయ్యి పడకుండా, ఆ రన్నర్ బిల్డ్ చేసి, అంతా సరిగ్గా ఉందని పచ్చగుర్తు చూపిస్తే కళ్ళారా చూడాలని. ఒంట్లో కాస్త ఓపిక చిక్కి, ఆమె ఆ కోడ్ పంపేసరికి ఆయుధపూజ వచ్చిపడింది. మా ఓనరు నాయుడు సారు మిషన్లన్నీ ఆపించి, చందనం, కుంకుమ పెట్టించారు. విజయదశమి పొద్దుటిదాకా ఎవరూ ముట్టకూడదు.

నేను ఫోన్ చేశాను. "సారు ఇంటికి పోతానే ఆన్ చేసేస్తానక్కా, ఎవురికి తెలస్తాది?"

"వద్దు మే. సారు మనసు నొచ్చుకుంటాది. పని యాడికీ పోదు, క్యూలో నిలబడుంటాది. రేపు చూస్తాలే."

"నువ్వు చర్చికి పోయేదానివి! ఇది నీ పండగ కూడా కాదు గదా!"

"అబ్బో, దీనికెంత తొందరో! పరవాయిల్లే, పోయి పూజలో పెట్టిన బొరుగులు తిను పో," అని నవ్వింది. నవ్వుతూనే దగ్గింది.

మర్నాడు సారు హారతిచ్చి సర్వరు ఆన్ చేశారు. కాచుకుని ఉన్న అక్క పని అన్నిటికంటే ముందు మొదలైంది. ఒక్క తప్పూ లేకుండా నడిచి పచ్చగుర్తు పడింది. ఎగిరి గంతేసినంత పనిచేసి ఆమెకు ఫోన్ కలిపాను. వాళ్ళమ్మ ఎత్తింది.

"మా సుగుణ తెల్లారేలోపలే పోయినాదమ్మా," అంది.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఎవరైనా "అక్కా, అయిపోయింది, చూస్తావా?" అని వస్తే, చేతిలో ఎంత పనున్నా వదిలేసి లేస్తాను. రేపు చూస్తాలే అనే మాట నా నోట రాదు.