మగ్గం గుంటలో చెమ్మ

పెళ్లాన్ని మెచ్చుకోవాలంటే మార్కండేయులుకు నోరు పెగలదు. పెళ్లయినప్పటి నుంచీ ఎమ్మిగనూరులో ఇద్దరూ పక్కపక్కనే నేస్తున్నా, తన నేత బాగుందని ఆయన ఒక్కసారైనా అనలేదని నీలమ్మ నాతో నవ్వుతూ చెప్పేది. మాది పక్కిల్లే.

ఆమెకు కీళ్లవాతం వచ్చింది. పొద్దున లేస్తే గుప్పిలి విచ్చుకునేది కాదు. కర్నూలులో రాసిచ్చిన మాత్రలతో వేళ్లు కాస్త స్వాధీనంలోకి వచ్చి, మళ్లీ మగ్గంలో కూర్చుంది. కానీ పోగు తెగి ముడి వేయాల్సి వస్తే ప్రాణం విలవిల్లాడేది. ఎండాకాలం పోగులు మరీ తెగుతాయి. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంటలో మార్కండేయులు గోనెసంచులు పరిచి, రోజూ నీళ్లు చల్లాడు. ఆ చెమ్మకు పోగులు తెగడం తగ్గింది. సంచులకు నల్లగా బూజు పట్టింది. మేమెవ్వరం పట్టించుకోలేదు.

వానలు మొదలయ్యేసరికి నీలమ్మకు దగ్గు, జ్వరం, కళ్లెలో నెత్తురు. క్షయ అనుకుని హడలిపోయాం. అది కాదట. ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరిందన్నారు. ఆ రోజు కర్నూలుకు నేనూ తోడు వెళ్లాను.

"కీళ్ల మాత్రల వల్ల ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుందమ్మా. మీలాంటివాళ్లకు బూజు గాలి ప్రమాదం. ఇంట్లో ఎక్కడైనా చెమ్మ ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

మార్కండేయులు ముఖం పాలిపోయింది. నీలమ్మ అది చూసింది.

"యాడా లేదు మేడం," అంది.

"అబద్ధం సెప్తాంది మేడం. మగ్గం గుంటలో తడి సంచులు పరిసినాను. నేనే."

"నువ్వు ఊరుకోప్పా! నా సేతులు నొస్తాయనే గదా పరిసినావు!" అని కసిరింది. కసురుతూనే ఏడ్చింది.

ఫంగస్‌కు నెలల తరబడి మందు వాడాలన్నారు. కీళ్ల మాత్రలు కొన్నాళ్లు ఆపారు. దగ్గు పెరిగితే వెంటనే రమ్మన్నారు.

మార్కండేయులు సంచులు పారేసి, గుంట పూడ్చేశాడు. నీలమ్మ వేళ్లు మళ్లీ బిగుసుకుపోయాయి. తల దువ్వేది ఇప్పుడు ఆయనే. ఆమె దగ్గితే మాత్రం దువ్వెన వదిలేసి బయటికి వెళ్లి, గోడవైపు తిరిగి నిలబడతాడు. జాలేస్తుంది, ఒళ్లు మండుతుంది కూడా. ఎందుకంటే ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ నీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

"దగ్గు ఆపుకుంటే ఎట్లా? ఎక్కువైందని ఆయనకు చెప్పొద్దా?" అని నిలదీశాను.

"ఆయప్ప మొగం సూసినావా వదినా?" అంది.

నిన్న ఆ కొంగు తానే ఉతుక్కోబోయింది. బిగుసుకున్న వేళ్లతో పిండలేక నన్ను పిలిచింది. మడత విప్పితే నెత్తురు.