అయస్కాంతంతో కొన్న సాస్‌పాన్

నాకు ఇరవై మూడేళ్లు నిండి, మెడలో కొత్తగా ఆఫీసు కార్డు వేలాడుతున్న ఆ కాలంలో, ఈ లోకంలో నాకు తెలియని సంగతి కూడా ఒకటి ఉండొచ్చని నాకెప్పుడూ తోచలేదు. ఎవరైనా చెబుదామని చూసినా వినే రకాన్ని కాదు. తెనాలి నుంచి అమీర్‌పేట వచ్చి, నాలుగు నెలల కోర్సు చేసి, పంజాగుట్టలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగ్ ఉద్యోగం సంపాదించాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టుకోవడమే ఆ ఉద్యోగం. అలాంటి పనిలో ఉన్నవాళ్లకు తమలో తప్పులుండవన్న నమ్మకం తొందరగా కుదురుతుంది. (నాకు మొదటి వారంలోనే కుదిరింది.)

నాతో హాస్టల్ గదిలో ఉండే అమ్మాయిది జగిత్యాల. మా ఆఫీసే. ఆమెను అందరూ నిమ్మళం అని పిలిచేవాళ్లు. నేను పది మాటలు మాట్లాడే సమయంలో ఆమె ఒక మాట మొదలుపెట్టేది, దాన్ని కూడా నేనే పూర్తి చేసేదాన్ని. హాస్టల్ తిండి పడక ఆమెకు ఒకసారి కామెర్లు వచ్చి తగ్గాయి. అప్పట్నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "గా కూడు తిని పాణం మీదికి తెచ్చుకుంటవా? నౌకరి లేకుంటె లేకపాయె, ఇంటికి రా. ఈడ బళ్లె పాఠాలు చెప్పుకుందువు." నిమ్మళం "ఊఁ" అనేది, ఏడుపు మొహం పెట్టుకునేది. ఒకరోజు నేను ఆ ఫోన్ లాక్కుని, "ఆంటీ, మేం వేరే రూము తీసుకుంటున్నాం. ఇంట్లోనే వండుకుంటాం. మీ అమ్మాయి తిండి బాధ్యత నాది" అన్నాను. (అప్పటికి నాకు ఉప్మా చేయడం వచ్చు. అది కూడా ఒక్కోసారి.) ఆవిడ "సరే బిడ్డా, నెల దినాలు సూస్త. నెలకు నేనే వస్త. పాలు మీరే కాగబెట్టుకుంటున్నరో, బండి మీద చాయ్ తాగి బతుకుతున్నరో, వంటిల్లు సూస్తె నాకు ఎరుకైతది. మంచిగ లేకుంటె నా బిడ్డను ఎంబడి తోల్కపోత" అంది.

మధురానగర్‌లో మూడో అంతస్తు పైన ఒక గది, పక్కన వంటిల్లు అనబడే అరుగు దొరికాయి. గ్యాస్ సిలిండర్ పైకి తేవడానికి వీల్లేదని ఇంటి ఓనర్ గట్టిగా చెప్పారు కాబట్టి, హాస్టల్ ఖాళీ చేస్తున్న ఒక సీనియర్ దగ్గర ఇండక్షన్ స్టవ్వు, దాని మీద పనిచేసే చిన్న కుక్కరు తీసుకున్నాం. ఆ కుక్కరే మా వంటిల్లు. అన్నం అందులోనే, పప్పు అందులోనే, పాలూ టీ కూడా అందులోనే. నెల గడిచిపోయింది. ఒక శనివారం సాయంత్రం నిమ్మళం వంటింట్లో నిలబడి, "రేపు అమ్మ వస్తది. పాలకు మనకు ఒక గిన్నె సుత లేదు" అంది. అప్పుడామె గొంతు విని నాకు మొదటిసారి భయమేసింది. రెండోసారి ఆలోచించి, భయం మానేసి, సంచి తీసుకున్నాను.

స్టీలు సంగతి నాకు బాగా తెలుసనుకున్నాను. అసలైన స్టెయిన్‌లెస్ స్టీలుకి అయస్కాంతం అంటుకోదని మా మావయ్య ఎప్పుడో చెప్పగా విన్నాను. అందుకని ఆఫీసులో బోర్డుకి కాగితాలు పెట్టే, ఎలాగో నా బ్యాగులోకి చేరిన అయస్కాంతం ఒకటి (సోమవారం తిరిగి పెట్టేశాను) పట్టుకుని, అమీర్‌పేట సందులో ఉన్న స్టీలు సామాన్ల దుకాణంలోకి పరీక్షాధికారిలా అడుగుపెట్టాను. దుకాణం ఆయనకు యాభై దాటి ఉంటాయి. ముక్కు చివర కళ్లజోడు, ఓపికైన మనిషి. పిడి ఉన్న సాస్‌పాన్లు ఎనిమిది తీసి వరసగా పెట్టి, "ఏ పొయ్యి మీద పెడ్తరమ్మా?" అని అడిగాడు.

"పొయ్యి సంగతి తర్వాత అన్నా. ముందు స్టీలు సంగతి చూద్దాం" అన్నాను.

ఒక్కోదాన్నీ బోర్లించి అడుగున అయస్కాంతం పెట్టాను. టక్కున అంటుకుంది. పక్కన పెట్టించాను. రెండోది, మూడోది, అన్నీ అంతే. నిమ్మళం నా చున్నీ లాగి "జర ఆగు" అంది. ఆగలేదు. దుకాణం ఆయన "అమ్మా, జర నా మాట ఇను" అన్నాడు. "మీరు అమ్మేవాళ్లు, మీరు అలాగే అంటారు" అన్నాను. ఈలోగా చుట్టూ నలుగురు చేరారు. ఒకావిడ తను కొనబోతున్న గిన్నె నా చేతికిచ్చి "ఇది కూడా చూడమ్మా" అంది. చూశాను. అంటుకుంది. ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, లోపల్నుంచి ఒక మామూలు సాస్‌పాన్ తెచ్చి నా ముందు పెట్టాడు. అయస్కాంతం దాని మీంచి జారి కింద పడింది. "ఇదీ స్టీలంటే" అని అందరికీ వినపడేలా ప్రకటించి, అక్కడికక్కడే మా ఇద్దరి పేర్లూ దాని మీద కొట్టించాను. దారిలో నిమ్మళం మళ్లీ ఏదో చెప్పబోయింది. "నాకు థాంక్స్ చెప్పక్కర్లేదులే" అన్నాను.

కొత్త గిన్నెలో మొదటి పాలు ఆంటీ ముందే కాచాలని దాన్ని కడిగి, పసుపు బొట్టు పెట్టి గూట్లో ఉంచాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ దిగింది. సంచి నిండా కూరగాయలు, డబ్బాలో తను కాల్చిన సర్వపిండి రొట్టెలు. వంటింట్లోకి ఒకసారి తొంగి చూసి, వచ్చి చాప మీద కూర్చుంది. నేను గర్వంగా గిన్నెలో పాలు పోసి, స్టవ్ మీద పెట్టి, మీట నొక్కాను. స్టవ్వు కుయ్ కుయ్‌మని మూడుసార్లు అరిచి ఊరుకుంది. గిన్నె అడుగు తుడిచాను. ప్లగ్గు తీసి పెట్టాను. కరెంటోళ్లను నాలుగు మాటలన్నాను. మళ్లీ అదే అరుపు. లోపల్నుంచి "ఏమాయె బిడ్డా?" అన్న మాట వినపడగానే, ఇంకేం తోచక పాలు కుక్కర్లోకి వంచాను. అది వెంటనే వేడెక్కింది, అందులోనే టీ పెట్టి గ్లాసులో పోసి ఆవిడ చేతికిచ్చాను. రాత్రి అందులో పప్పుచారు కాచామని, పొద్దుటి హడావిడిలో దాన్ని పైపైనే కడిగామని నాకు అప్పుడు గుర్తు రాలేదు.

ఆంటీ ఒక గుక్క తాగింది. గ్లాసులోకి చూసింది. నిదానంగా అడిగింది. "చాయ్‌ల ఇంగువ ఏసినవా బిడ్డా?"

నేను మళ్లీ కరెంటోళ్ల మీద మొదలుపెట్టబోయాను. అప్పుడు నిమ్మళం మాట్లాడింది. మధ్యలో ఆపకుండా, మొత్తం. "అమ్మా, గీ పొయ్యికి అయస్కాంతం అంటుకునే గిన్నె కావాలె. ఇదేమొ అంటుకోనిదే కావాలని వెతికి మరీ తెచ్చింది. అంటుకునేటియి ఎనిమిది ఉండె, అన్ని వద్దన్నది."

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"ఎరుకే. షాపుల చెప్పవోయిన, తొవ్వల చెప్పవోయిన. నువ్వు చెప్పనియ్యలే."

ఆంటీ గ్లాసు కింద పెట్టి లేచింది. "ఇద్దరు నడువుండ్రి" అంది. బట్టలు సర్దుకోమంటుందనుకున్నాను. ఆవిడ చెప్పులేసుకుని, "ఆ దుకాణం ఎటు?" అంది.

నన్ను చూడగానే దుకాణం ఆయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. ఆదివారం కావడంతో కిటకిటలాడుతోంది. నిన్న ఎంత గొంతుతో ఉపన్యాసం ఇచ్చానో అంత గొంతుతోనే చెప్పాను. "అన్నా, నిన్న మీరు ఏ పొయ్యి అని అడిగారు. నేను వినలేదు. మాది ఇండక్షన్. తప్పు నాదే." (చిన్నగా చెప్పడం నాకు రాదు, ఏదైనా సరే.)

"పేరు కొట్టినంక వాపస్ తీసుకోనమ్మా" అన్నాడాయన, ముందుజాగ్రత్తగా.

"వాపస్ వద్దు. ఎలా చూడాలో నేర్పండి."

ఆయన మొహం విచ్చుకుంది. మందమైన అడుగున్న సాస్‌పాన్ ఒకటి తీసి, నా అయస్కాంతం అడిగి తీసుకుని, గిన్నె పక్కకి ఆనించాడు. జారిపోయింది. అడుగున పెట్టాడు. గట్టిగా పట్టుకుంది. "పక్కలకు మంచి స్టీలు, అడుగుకు పొయ్యి పట్టుకునే పొర. నీ అయస్కాంతం మంచిదేనమ్మా, పెట్టే జాగనే తప్పు" అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత పరీక్ష ఆంటీ అందుకుంది. గిన్నె నిండా నీళ్లు పోయించి, పిడి పట్టుకుని ఒక చేత్తో లేపి చూసింది. చెయ్యి వంగేలా బరువు లాగినదాన్ని వద్దంది. పిడి బిగించిన చోట లోపలివైపు వేలితో తడిమి, "ఈడ సందుంటె పాలు ఇరుక్కుని వాసనొస్తది" అంది. అంచు నుంచి నీళ్లు వంచి, ధార గిన్నె వెంట కారకుండా పడుతోందో లేదో చూసింది. నాలుగోది నచ్చింది. అన్నింటికంటే ఎక్కువ మెరిసేది కాదది.

తిరిగి వస్తూ, మెట్రో స్తంభాల నీడలో నడుస్తుండగా, ఇక ఉండబట్టలేక అడిగాను. "మీ అమ్మాయిని తీసుకెళ్లిపోతారా ఆంటీ?"

ఆవిడ ముందు నడుస్తున్న కూతురి వైపు చూసింది. గొంతు తగ్గించింది. "నా ఫికర్ తిండి గురించి కాదు బిడ్డా. ఇది నోరు తెరవది. పట్నంల ఎట్ల బతుకుతదని నాకు బుగులు. ఇయ్యాల నా ముంగట నీ తప్పు నీ మొకం మీదనే చెప్పింది. ఇంట్ల ఎన్నడు గంత మాట్లాడంగ సూడలే. ఉండనియ్ నీతోనే. నువ్వు గిట్ల తప్పులు జేస్తనే ఉండు, అది మాట్లాడుడు నేర్చుకుంటది."

ఆ పని నేను ఏ లోటూ రాకుండా చేశాను. నిమ్మళం ఇప్పుడు ముప్పైమంది ఉన్న జట్టుకి పెద్ద. మీటింగుల్లో ఆమె మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ కదలరని విన్నాను. నేను మాత్రం ఏ దుకాణానికి వెళ్లినా ముందు అడుగుతాను, తర్వాత వింటాను, ఇంటికొచ్చి మళ్లీ ఆలోచిస్తాను. తప్పులు బాగా తగ్గాయి. అయినా అప్పుడప్పుడూ పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, సంచి ఊపుకుంటూ, లోకమంతా తనకు తెలుసన్నట్టు విసవిసా రోడ్డు దాటే ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఎదురైతే బాగుండుననిపిస్తుంది. సరిదిద్దడానికి కాదు. ఇటు అమీర్‌పేట దాకా, ఆమె చెప్పేదంతా నిజమేనని తలూపుతూ, కాసేపు పక్కన నడవడానికి.