సాలమ్మ బాట కాయితం

కేతేపల్లికి కాస్త లోపలున్న ఆ ఊళ్లో సాలమ్మ అంత అనుమానపు మనిషి ఇంకొకరు లేరు. రేషన్ దుకాణంలో కాంటా మీద అంకె నిలబడేదాకా సంచి పట్టదు. చదువు రాకపోయినా, దవాఖానలో సూది వేయబోతే ముందు సీసా చూపమంటుంది. నవ్వేవాళ్లను నవ్వుకోనీ. ముప్పై ఏళ్లు కూలికి పోయిన మనిషికి సర్కారు ఇచ్చిన ఎకరం చెలక ఒక్కటే ఆస్తి. దాన్ని కళ్లల్లో వత్తులేసుకుని కాపాడుకుంది.

ఆ చెలకకు బాట మల్లయ్య పొలం అంచునుంచే పోవాలి. మల్లయ్య ఆ ఊళ్లో పెద్ద రైతు. మూడేళ్ల కిందట బాటకు అడ్డంగా ముళ్లకంప వేశాడు. ట్రాక్టరు పోదు, విత్తనం పడదు. చెలక పడావు పడింది. సాలమ్మ ఉచిత వకీలును పట్టుకుని కోర్టుకెక్కింది. వాయిదా మీద వాయిదా పడుతుంటే ఊరి పెద్దమనుషులు కల్పించుకున్నారు. మనం మాట్లాడి రాజీ చేద్దాం, లోక్ అదాలత్‌లో జడ్జి ముద్ర వేయిద్దాం అన్నారు.

పంచాయితీలో సాలమ్మ తరఫున ఆమె మరిది డానియల్ కూర్చున్నాడు. రిటైరైన బడిపంతులు. ఊరి పద్ధతి ప్రకారం సాలమ్మ, మల్లయ్య చెప్పులు విడిచి, పెద్దల ముందు బాట ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచారు. అట్లా నడిచాక మాట మార్చకూడదు. బాట మీద సాలమ్మకు హక్కుందని పెద్దలు తేల్చారు. మల్లయ్య తల ఊపాడు. అంత తేలిగ్గా ఊపడమే సాలమ్మకు మింగుడుపడలేదు. రాజీ కాయితం డానియల్ రాశాడు. చదివి వినిపించమంటే పొద్దుపోయిందన్నాడు, బాట నీదే ఫికర్ చేయకన్నాడు.

శనివారం లోక్ అదాలత్‌లో సాలమ్మ మల్లయ్య మొహం మీదినుంచి చూపు తిప్పలేదు. అతను తన వకీలుతో గుసగుసలాడితే చెవులు రిక్కించింది. ఇక్కడ ఒప్పుకుంటే పైన అప్పీలు ఉండదని జడ్జమ్మ ఎవరికో చెబుతుంటే విన్నది. తన పేరు పిలవగానే లేచి, కాయితమంతా చదివితేనే వేలిముద్ర వేస్తానంది. డానియల్ వద్దన్నట్టు సైగ చేశాడు. జడ్జమ్మ విసుక్కోకుండా చదివింది. మల్లయ్య అనుమతితో సాలమ్మ ఆ బాటన నడవవచ్చునని ఉంది.

"అనుమతి ఏందమ్మా? ఆయన రేపు వద్దంటే నేను ఆగాల్నా?"

ఆగాల్సిందేనంది జడ్జమ్మ.

సాలమ్మ మల్లయ్య మీద విరుచుకుపడింది, ఊళ్లో ఒకటి ఒప్పుకుని ఇక్కడ ఇంకొకటి రాయించావని. మల్లయ్య తెల్లబోయాడు. కంప వేసింది తనే గానీ, ఈ అనుమతి మాట తనకు తెలియదన్నాడు. ఊరందరి ముందు నడిచాక ఇంక దాచేదేముందన్నాడు. జడ్జమ్మ అనుమతి అన్న మాట కొట్టేయించి హక్కు అని రాయిస్తే మారుమాట లేకుండా సంతకం చేశాడు. సాలమ్మ వేలిముద్ర వేసింది గానీ మనసు అక్కడ లేదు.

బయట వరండాలో డానియల్ చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"హక్కు అంటే ఆయన ఒప్పుకోడనుకున్న వదినె. ఎంతైనా పెద్ద రైతు. అనుమతి అంటే కాదనడని..."

మూడేళ్లు ఆమె మల్లయ్య చేతులనే కనిపెట్టి చూసింది. వందల మంది పిల్లలకు అక్షరాలు దిద్దించిన ఈ చేతులను చూడాలనే తోచలేదు. కోపం రాలేదు. వేలికంటిన సిరాను కొంగుకు తుడుచుకుంది.

"ఆయన అడగకముందే నువ్వే వంగినవు గద, డానియలూ."