ఆడబిడ్డ సంచిలో ద్రాక్షరసం

దగ్గరికి జరిగి కూర్చో తల్లీ. ఇది నలుగురికీ వినపడేలా చెప్పే మాట కాదు. నా పేరు అడగవద్దు. పేరు దాచుకుని చెప్పడం కూడా ఒక పిరికితనమే, తెలుసు. అయినా విను.

కొన్నేళ్లుగా ఒకటి మోస్తున్నాను. బరువు అంటారు అందరూ. నాకది నోట్లో పాచిలా ఉంది. ఎన్నిసార్లు పుక్కిలించినా పోదు.

మాది పత్తికొండ పక్క పల్లె. మా చర్చిలో నెలకోసారి బల్ల పెడతారు. ప్రభువు పేరున రొట్టె ముక్క, ఇంత ద్రాక్షరసం అందరికీ ఇస్తారు. తప్పు చేసినవాళ్లను, అది ఒప్పుకునేదాకా బల్లకు దూరం పెడతారు. ఆ ద్రాక్షరసం చేసేది నేనే. మా అత్త చేసేది, ఆమె తర్వాత నా చేతికి వచ్చింది. ఎండు ద్రాక్ష నానబెట్టి, ఉడకబెట్టి, గుడ్డలో వేసి పిండి, అందులో చక్కెర కలిపి సీసాలో పోసి, ఎర్ర దారంతో సిలువ కుట్టిన గుడ్డ చుట్టి పంపిస్తాను. బల్లకు పోయే రసం పులియకూడదు. అది నియమం.

ఒకసారి జాడీలో కొంచెం మిగిలి పులిసింది. పారబోయబోతూ రుచి చూశాను. ఎందుకు చూశాను? ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత కావాలనే మిగిల్చాను. కావాలనే పులియబెట్టాను. చర్చి చక్కెరతో, చర్చి ద్రాక్షతో, వంటింటి మూల వేరే జాడీ పెట్టుకుని, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక గ్లాసు ముంచుకుని తాగి, తమలపాకు నమిలి, సాయంత్రం ప్రార్థనకు ముందు వరుసలో కూర్చునేదాన్ని. మనిషి చేసే పనేనా అది?

మా ఇంట్లో నా ఆడబిడ్డ సువార్తమ్మ ఉంటుంది. నా భర్త చెల్లెలు. మొగుడు పోయాక మా దగ్గరికే వచ్చింది. నెమ్మదైన మనిషి. బల్ల గిన్నెలు కడిగి తుడిచేది ఆమే. నెలంతా ఆ ఆదివారం కోసమే ఎదురు చూసేది.

మా అల్లుడికి పత్తికొండలో విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. సరుకు బాగా అమ్మిన అంగళ్ల వాళ్లను కంపెనీ ఒక ఏడు మద్రాసు నుంచి ఓడలో సముద్రం మీద షికారుకు తీసుకుపోయింది. ఇంటికి నలుగురు రావచ్చన్నారు. అల్లుడు, కూతురు, సువార్తమ్మ, నేను బయలుదేరాం.

అందరూ సముద్రం గురించి మాట్లాడుతుంటే నాకు ఒకటే దిగులు. అన్ని రోజులు నా జాడీ లేకుండా ఎట్లా? ఒక సీసా నింపాను. చర్చి గుడ్డే చుట్టాను. ఎవరైనా పట్టుకుంటే ప్రభువు బల్లదని చెబితే వదిలేస్తారనుకున్నాను. చూశావా, ఎంత రోత తెలివో. నా సంచి కూతురు సర్దుతుంది. అందుకని దాన్ని సువార్తమ్మ సంచిలో, ఆమె తెల్ల చీరల మధ్య పెట్టాను. ఆమెకు చెప్పలేదు.

రేవులో సంచులన్నీ లోపల ఏముందో చూపించే మిషన్‌లోకి పంపించారు. సువార్తమ్మ సంచి ఆపేశారు. సీసా బయటికి తీసి, మూత విప్పి వాసన చూశారు. ఓడ నిండా వాళ్లు అమ్మే సారాయే ఉంటుందట గానీ బయటిది మాత్రం తేకూడదట. మా వెనక వరుసంతా అల్లుడి తోటి అంగళ్ల వాళ్లే. వాళ్లలో ఒకడు నవ్వాడు.

"ఏమప్పా, మీ పెద్దామె మనకంటే ముందే మొదలుపెట్టిందే."

అల్లుడి ముఖం నల్లబడింది. గుడ్డ మీది సిలువ చూసి సువార్తమ్మ వైపు తిరిగాడు.

"చిన్నమ్మా, ఇది బల్ల సీసా కదా. ఈడికి యాల తెచ్చినావు?"

ఆమె నా ముఖం చూసింది. అప్పుడు అల్లుడు నన్ను అడిగాడు.

"నీకేమన్నా తెలుసా అత్తా?"

"నాకేం తెల్దు నాయనా. సంచి ఆమెదే కదా."

అంతే. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. తడబడలేదు కూడా.

ఓడలో వాళ్లు సీసాకు ఆమె పేరుతో చీటీ కట్టి ఉంచుకున్నారు. ఆ ప్రయాణమంతా ఆమె గది దాటలేదు. పైన అంగళ్ల వాళ్లు తాగి, తిని, కక్కి, మళ్లీ తిన్నారు. వాళ్లను చూసి ముక్కు మూసుకున్నాను. ఎవరిని చూసి ఎవరు ముక్కు మూసుకోవాలి?

గదిలో ఒకసారి అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"అల్లుడి ముందర నీ తల దిగితే రేపు నీ బిడ్డ మాట పడ్తాదిలే వదినా" అంది.

దిగే పొద్దున అందరి ముందూ ఆమె పేరు పిలిచి సీసా చేతికిచ్చారు. ఇల్లు చేరాక ఆమె దాన్ని నా ముందు పెట్టి లోపలికి పోయింది. ఊరి వంక నీళ్లలో పారబోసి వస్తానని బయలుదేరాను. పారబోయలేదు. గడ్డివామి వెనక, పట్టపగలు, నిలబడే తాగాను. చివరి చుక్క దాకా. గుడ్డతో మూతి తుడుచుకున్నాను. ఇది చెప్పడానికే నిన్ను కూర్చోబెట్టాను. రేవులో ఆడిన అబద్ధం భయంతో ఆడాను అనుకోవచ్చు. దీనికేం పేరు పెట్టాలి?

అల్లుడు సంఘ పెద్దలకు చెప్పాడు. బల్ల రసం దొంగిలించిందని సువార్తమ్మను దూరం పెట్టారు. ఒప్పుకుంటే మళ్లీ చేర్చుకుంటామన్నారు. ఆమె నా పేరు చెప్పలేదు. చేయని తప్పు చేశాననీ చెప్పలేదు. ప్రతి నెలా గిన్నె ఆమెను దాటి నా దగ్గరికి వస్తుంది. నేను తీసుకుంటాను. నా చేతి రసం, నా నోట్లోకే.

ఆ జాడీని పగలగొట్టి చాలా కాలమైంది. దాంతో ఏమీ కడిగినట్టు పోలేదు.

రేపు బల్ల ఆదివారం. ఈ పొద్దు సువార్తమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చుని, రేపు సంఘంలో లేచి చెబుతానన్నాను. ఆమె చేట ఆపలేదు.

"చెప్పు వదినా. చెప్పాల్సిందే. నన్ను చేర్చుకుంటే పోతా. కానీ నువ్వు చేసిన రసం మాత్రం నోట పెట్టను. ఆ పొద్దు గడ్డివామి కాడ్నుంచి వచ్చినప్పుడు నీ నోటి వాసన నాకు తెలుసు. అది ఇంకా పోలే."

నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఆమెకు తెలుసు అన్నమాట. ఇన్నేళ్లూ ఒకే పొయ్యి దగ్గర వండుకుని తిన్నాం.

రేపటికి రసం వేరే ఇంట్లో చేయమని కబురు పంపాను. ఎందుకో చెప్పలేదు. రేపు తెలుస్తుంది. రేపు నా కాళ్లు లేస్తాయో లేవవో అని భయంగానే ఉంది. అందుకే ముందు నీ దగ్గర చెప్పి నోరు అలవాటు చేసుకుంటున్నాను. ఆ సీసా నాది. సంచిలో పెట్టింది నేను. తాగింది నేను. సువార్తమ్మ ఏ తప్పూ చేయలేదు.

చెప్పేశాను. పాచి పోలేదు గానీ, ఊపిరి ఆడుతోంది.

ఇక లేచి పో తల్లీ. నీ ఇంట్లో అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినాలి. ఎవరి విస్తరీ ఎవరి వల్లా ఖాళీగా ఉండకూడదు. నీ పిల్లాజెల్లా చల్లగా ఉండాలి.