గొళ్లెం లోపలి కడ్డీ

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవిలో మా కంపెనీ నరసరావుపేట యూనిట్‌కు నన్ను ప్రొడక్షన్ మేనేజరుగా వేశారు. అప్పటికి హైదరాబాదులో ఇరవై ఏళ్లకు పైగా యానిమేషన్, వీడియో గేముల పనిలో ఉన్నదాన్ని. పుట్టింది ఎడ్లపాడు కాబట్టి సొంతగడ్డకు పంపుతున్నాం, సంతోషించమన్నారు. సంతోషం సంగతి దేవుడెరుగు, ముందు ఆ ఆఫీసు చూడాలి. కింద పురుగుమందుల షాపు, పైన మా హాలు. ఏసీ వేస్తే చల్లదనంతో పాటు మందు వాసన కూడా వచ్చేది. ఆ హాల్లో ఏడుగురు ఆర్టిస్టులు కూర్చుని, విదేశంలో తయారవుతున్న ఒక భారీ గేముకు తలుపులు చేసేవారు.

అవును, తలుపులే. నవ్వేవాళ్లు నవ్వొచ్చు. ఆ స్థాయి గేము ఒక్కటి పూర్తి కావాలంటే ఏళ్లు పడుతుంది, దేశదేశాల్లో వందల మంది పనిచేస్తారు. ఒక ఊరికి చెట్లు వెళ్తాయి, ఒక ఊరికి గుర్రాలు. మాకు తలుపులు వచ్చాయి. కోట తలుపు, పూటకూళ్లింటి తలుపు, చెరసాల తలుపు. ముందు వైపు నుంచి గీసిన బొమ్మ ఒకటి ఆ గేము కంపెనీ వాళ్లు పంపేవారు. దాన్ని చూసి, అన్ని వైపులా తిప్పి చూడగలిగే తలుపును మేము కంప్యూటరులో కట్టాలి. కంప్యూటరులో ఏ వస్తువైనా చిన్న చిన్న త్రిభుజాలు అతికించి చేసినదే. అవి ఎక్కువైతే గేము నెమ్మదిస్తుంది. అందుకని ఒక్కో తలుపుకు ఇన్ని త్రిభుజాలేనని హద్దు పెడతారు. ఆ హద్దు దాటకుండా కాపలా కాయడం నా ఉద్యోగం.

ఏడుగురిలో దాటేది ఒక్క షాహీనే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆమె తండ్రి మస్తాన్‌కు పల్నాడు రోడ్డులో ఇనుప గొళ్లేలు, మడతబందులు చేసే చిన్న షాపు ఉంది. బొమ్మలో గొళ్లెం ముందు భాగమే కనిపిస్తుంది కదా, ఈమె లోపలి కడ్డీ, అది జారే గాడి, వెళ్లి దూరే కన్నం కూడా కట్టుకొచ్చేది.

"ఎవరు చూస్తారు తల్లీ ఇదంతా?" అని కసిరేదాన్ని.

"ఎవురూ చూడరు మేడం. అయ్యి లేకపోతే గొళ్లెం పడదు గదా!" అనేది.

చెవినిల్లు కట్టుకుని పోరినా వినేది కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రివ్యూ షీటులో ఎర్ర అక్షరాలతో 'అనవసరం, తీసేయాలి' అని రాసేదాన్ని. ఆమె తీసేసేది. తర్వాతి తలుపుకు మళ్లీ కట్టేది.

ఇలా మూడేళ్లు. నాలుగో వేసవిలో ఒక సోమవారం పొద్దున మెయిలు వచ్చింది. గేము ఆపేశారట. ఖర్చు అదుపు తప్పింది, ఇకమీదట ఇలాంటి వస్తువులు చాలావరకు ఏఐ చేతనే చేయిస్తాం అని రెండు వాక్యాల్లో తేల్చారు. కొండను తవ్వి ఎలుకనైనా పట్టలేదు. దాని కింద మాకు ఆదేశం: మూడు రోజుల్లో ఫైళ్లన్నీ చెరిపేసి, చెరిపామని మేనేజరు సంతకంతో పత్రం పంపాలి. గోప్యత ఒప్పందం ప్రకారం ఎవరి దగ్గరా ఒక్క బొమ్మ మిగలకూడదు.

మా వృత్తిలో డిగ్రీ కాగితాలు పెద్దగా అడగరు. చేసిన పని చూపించమంటారు, దాన్ని పోర్ట్‌ఫోలియో అంటారు. గేము విడుదలైతే అందులో మన పని చూపించుకోవచ్చు. విడుదల కాకపోతే చేసిందంతా చేయనట్టే. మిగిలిన ఆరుగురికీ అంతకుముందు చేసిన పనులు ఏవో ఉన్నాయి. షాహీనకు ఇదే మొదటి ఉద్యోగం. పది రోజుల్లో హైదరాబాదులో ఒక స్టూడియోలో ఇంటర్వ్యూ ఉంది. అది తప్పితే ఇక కంప్యూటరు మాట ఎత్తొద్దని, బట్టల షాపులో చేరమని ఇంట్లో తేల్చి చెప్పేశారు.

ఆ మూడు రోజులూ నాకు ఒకచోట కాలు నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. ఒక్కో కంప్యూటరులో ఫైళ్లు చెరుగుతుంటే తెర మీద శాతం అంకె పాకుతూ ఉండేది, నేను దాని చుట్టూ తిరిగేదాన్ని. మూడో రోజు మధ్యాహ్నం షాహీన వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"ఒక్క తలుపు బొమ్మ ఉంచుకుంటా మేడం. వాళ్లకి చూపిచ్చి తీసేస్తా."

కుదరదన్నాను.

"మూడేళ్లు ఏం జేశావంటే ఏం చూపియ్యాల? మా నాయన షాపులో గొళ్లెం చూపియ్యాల్నా?"

"అదే తీసుకెళ్లి చూపించు, పో!"

నోరు జారాను. ఆమె బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. అయినా సాయంత్రానికి సంతకం పెట్టి పత్రం పంపాను.

తర్వాత పది రోజులు అన్నం సహించలేదు. బజారుకు వెళ్తే మస్తాన్ షాపు ముందు నుంచి పోలేక పక్క సందులోంచి చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. పదకొండో రోజు షాహీనే ఫోన్ చేసింది.

ఆమె నిజంగానే గొళ్లెం తీసుకెళ్లింది! పాత గుడ్డలో చుట్టి హ్యాండుబ్యాగులో పెట్టుకుందట. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఇదేమిటని ఆపితే నా సర్టిఫికెట్ అన్నదట. లోపల ముగ్గురు కూర్చున్నారు. పోర్ట్‌ఫోలియో అడిగారు. ఒప్పందం సంగతి చెప్పి, గొళ్లెం తీసి బల్ల మీద పెట్టింది. ఒకాయన నవ్వాడు. తలుపులు చేసేది ఇప్పుడు ఏఐ అని, అది చేసినవాటిలో పనికిరానివి ఏరేసే మనిషి తమకు కావాలని చెప్పాడు. తెర మీద ఇరవై తలుపులు వరసగా పెట్టి, లోపాలేమైనా ఉంటే చెప్పమన్నాడు. చూడడానికి మన తలుపుల కన్నా బాగున్నయ్యి మేడం అని నాతో ఒప్పుకుంది కూడా.

"ఇది తెరుచుకోదు సార్, కడ్డీ పోయేదానికి కన్నమే లేదు. ఇది ఒకసారి పడితే మళ్లీ రాదు. దీనికి మడతబందులు ఏ పక్కనో గొళ్లెం గూడా ఆ పక్కనే పెట్టింది, ఏసినా తలుపు ఆగుద్దా?" అంటూ పద్నాలుగు తలుపులు పక్కన పెట్టిందట. నవ్వినాయన నమ్మలేదు. ఆయన చేతికి గొళ్లెం ఇచ్చి జరిపి చూడమంది. రెండుసార్లు జరిపి చూశాడట, ఆ తర్వాత నవ్వలేదట.

ఉద్యోగం ఇచ్చారు.

"ఇయ్యన్నీ నీకెట్ట తెలుసమ్మా అన్నారు మేడం. మా మేడం నా చేత తీసేయించిన ముక్కలే సార్ అయ్యన్నీ, అన్నా."

"నన్ను తిట్టావా, పొగిడావా?" అని అడిగాను.

"రెండూ గాదు మేడం, ఉన్నమాట," అంది.

ఆ ఏడాది చివర్లో నేను రిటైరయ్యాను. పెద్ద గేములు ఇక ముందు మనుషులు చేస్తారా, యంత్రాలు చేస్తాయా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. నాకు తెలియదు. మూడేళ్లు త్రిభుజాలు లెక్కపెట్టాను గానీ, ఈ తలుపు తెరుచుకుంటుందా అని ఒక్కసారైనా అడగలేదు. ఒకటి మాత్రం తెలుసు: ఆ పత్రం మీద సంతకం పెట్టడం తప్పు కాదు, నిబంధన అది, మళ్లీ అడిగినా పెడతాను. తప్పు ఆ ఎర్ర అక్షరాలది. అవి కూడా ఆ ఫైళ్లతోనే చెరిగిపోయాయి కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.